బావ గొంతు దాటని ముద్ద

మా బావ సోఫాలు కుట్టే మేస్త్రి. నేను ఆయన షాపులోనే మిషను మీద కవర్లు కుడతాను. ఇంటి పనంతా మా అక్క నెత్తి మీదే. మాతోపాటు బావ వాళ్ళమ్మ కూడా ఉండేది. పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆ పెద్దావిడకు అక్కే అన్నం కలిపి నోట్లో పెట్టేది.

ఒక మధ్యాహ్నం ఆవిడకు ముద్ద గొంతులో అడ్డం పడింది. అక్క వీపు తట్టింది, వేలు పెట్టి తీయబోయింది, కేకలు వేసింది. షాపు నుంచి బావా నేనూ పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఏడవనూ లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ బొమ్మల్లా తిరిగి చేయాల్సినవన్నీ చేశారు.

ఆ తర్వాత బావకు మింగడం పోయింది. ముద్ద నోట్లో పెట్టుకునేవాడు, నమిలేవాడు, నములుతూనే ఉండేవాడు. చివరికి కళ్ళు పెద్దవి చేసుకుని, లేచి వెళ్ళి ఉమ్మేసేవాడు. గొంతు డాక్టరు గొట్టం దించి చూసి, ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే మనిషి అలా ఎండిపోతాడా? మొదట్లో పల్చటి జావ దిగేది, తర్వాత అదీ సగం గ్లాసులోనే మిగిలేది. ప్యాంటు నడుం మీద నిలవక బెల్టుకు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. "ఇలాగే ఉంటే ఎక్కువ కాలం లాగడమ్మా" అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట అక్కకు చెప్పాను. "ఊఁ" అని జావ వడకట్టడానికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

షాపులో మాత్రం పని ఆగలేదు. సోఫా పనిలో చేతులు ఖాళీ ఉండవు. ఒక చేత్తో గుడ్డ లాగిపట్టాలి, ఇంకో చేత్తో సుత్తి. అందుకని చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తోసుకుంటూ కొడతారు.

"ఏం బావా, అన్నం మెతుకంటే హడలు, ఇనప మేకులైతే చాక్లెట్లా?" అన్నాను.

భుజాలు ఎగరేశాడంతే. మునుపైతే మేకులు గబగబా చేతిలోకి ఊసి మరీ నాకు నాలుగు అంటించేవాడు.

హిప్నాటిజంతో భయాలు పోగొట్టే మేడమ్ ఒకావిడ ఉందని కస్టమరొకాయన చెప్పాడు. కళ్ళజోళ్ళ దుకాణం పైన గది. నేనే లాక్కెళ్ళాను. గొలుసు గడియారం ఊపుతుందేమో, ఈయన ఒళ్ళు తెలియకుండా కడుపులో గుట్టంతా కక్కేస్తాడేమో అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అలాంటిదేమీ లేదు. కర్టెన్ వేసి, కళ్ళు మూసుకోమని, చేతులు బరువెక్కుతున్నాయని నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. బావ కళ్ళు తెరిచి కుర్చీ చెయ్యి నొక్కి చూశాడు.

"మేడమ్, ఇందులో స్పంజి చచ్చిపోయిందండి."

నా పరువు గంగలో కలిసింది. ఆవిడ నవ్వి, ఏం పని చేస్తారని అడిగింది. నేను ఊరుకుంటానా, మేకుల సంగతితో సహా మొత్తం చెప్పేశాను. ఆవిడ మళ్ళీ కళ్ళు మూయించింది.

"షాపులో ఉన్నారు. నోట్లో మేకులున్నాయి. గుడ్డ లాగిపట్టారు. ఒక మేకు తీసి కొట్టండి. ఇంకొకటి."

బావ పెదాలు బిగుసుకున్నాయి, వేళ్ళు కదిలాయి. కాసేపటికి భుజాలు జారాయి. అలా చాలాసేపు కొట్టించాక, "నోట్లో నీరు ఊరింది, మింగండి" అంది. గొంతు కదిలింది.

"రోజూ మేకుల్ని ఆపి నీటినొక్కదాన్నే దించుతోంది మీ గొంతు. దాని పని దానికి తెలుసు. మీరు కాపలా కాయక్కర్లేదు."

అలా వెళ్తూ వచ్చాం. ఆ గదిలో ముందు చెంచాడు నీళ్ళు దిగాయి, తర్వాత పెరుగు, తర్వాత అరటిపండు ముక్క. అది దిగిన రోజు నేను మెట్ల మీద గెంతినంత పని చేశాను. ఇంట్లో అక్క పళ్ళెం పెడితే మాత్రం మళ్ళీ మొదటికే. చూసీ చూసీ అక్క ఆయన ఎదురుగా కూర్చోవడం మానేసింది. పళ్ళెం పెట్టేసి, గోడవైపు తిరిగి గిన్నెలు తోముకునేది.

ఒకరోజు నాకు తిక్క రేగింది. "అక్కడ దిగింది ఇక్కడెందుకు దిగదు బావా? మా అక్క చేతిలో ఏమన్నా విషముందా?" అని అరిచాను.

అక్క పలికింది.

"ఉందే. అత్తయ్య నా చేతి ముద్దతోనే పోయింది. ఆయనకి తెలుసు. అందుకే దిగట్లేదు."

కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. గిన్నె తోముతూనే ఉంది.

బావ లేచి వెళ్ళి కుళాయి కట్టేశాడు. "ఛ, ఏం మాటలే అవి? ఆ రోజు గుమ్మంలోంచి నీ మొహం చూశాను. నాక్కూడా నీ చేతిలోనే అడ్డం పడిందంటే ఇక నువ్వు బతకవే. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, నీ ఆ మొహమే కనిపిస్తోంది."

అక్క గిన్నె వదిలేసి ఆయన వైపు తిరిగింది. ఇద్దరికీ చెరో లెంపకాయ వేయాలనిపించింది నాకు. ఏడుపూ వచ్చింది.

బావ పళ్ళెం ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ నేర్పినట్టు భుజాలు వదిలేశాడు.

"నువ్వే పెట్టు."

"నా వల్ల కాదండీ."

"పెట్టవే."

అక్క చెయ్యి కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. చంటిపిల్లకు పెట్టేంత ముద్ద కలిపి ఆయన నోట్లో పెట్టింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఆయన గడ్డం కిందే పట్టుకుంది. ఆయన నమిలాడు. మింగాడు.

"దిగిందా?"

"దిగింది."

"నోరు తెరవండి."

తెరిచాడు. అక్క వంగి చూసింది. నాలుక కూడా ఎత్తించి చూసింది. ఏమీ లేదు.

"అత్తయ్యా!" అని ఒక్క కేక వేసి కూలబడింది. బావ ఊరుకోమనలేదు. ఇంకో ముద్ద కోసం నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాడు. అక్క ఏడుస్తూనే పెట్టింది.