పసుపు రంగు ఎనిమిది

నా మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. మా ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ళ మాట వింటారు, కీబోర్డు వాయించేవాడి మాట వింటారు, పెళ్ళికి వచ్చిన వంటమాస్టరు చెప్పినా వింటారు. నేను బేసు గిటారు వాయిస్తాను. పద్నాలుగేళ్ళుగా వెనక వరుసే. ఫోటోల్లో నా తల ఎవరి భుజం వెనకో సగం కనిపిస్తుంది. అదంతా ఓర్చుకున్నాను. పులివెందులలో జరిగింది మాత్రం ఓర్చుకోలేదు, ఓర్చుకోను.

పూట గడవడానికి నేను చేసే పని ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు వైండింగ్ కట్టడం. మోటారు కాలిందని రైతు తెచ్చి దించితే, మూత విప్పకముందే వాసన చూసి చెప్పగలను, ఎంత లోతుకు కాలిందో. మాడిన వార్నిష్ వాసన తగిలిన రోజు నాకు అన్నం సయించదు. ఎవరికి భయం ఎక్కడ నుంచి వస్తుందో తెలియదు గానీ, నాకు ముక్కులోంచి వస్తుంది.

ఆ రోజు స్టేజీ మీదున్న ఆంప్లిఫయర్ నాది కాదు. మా వీధిలోని స్నేహితుడు కువైట్ నుంచి వస్తూ బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నది. సెలవు అయిపోయి తిరిగి పోతూ నా చేతిలో పెట్టాడు. "మామా, ఇది నా నాలుగేండ్ల చెమట. ఎంతన్నా వాయించుకో, కాల్చొద్దు. నేనొచ్చినాక ఇద్దరం వాయిద్దాం" అన్నాడు. దాని వెనక రేకు మీద స్పష్టంగా రాసుంది, నాలుగు ఓములకు తక్కువ ఉన్న స్పీకరు బాక్సు తగిలించరాదని. ఓములంటే కరెంటుకు బాక్సు పెట్టే అడ్డం లెక్క.

బాక్సేమో మా ఆర్కెస్ట్రా పెద్దాయనది. ఆయన ఒకప్పుడు మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. అప్పట్లోనే జమ్మలమడుగులో ఒక పాత బ్యాండు వాళ్ళ దగ్గర దాన్ని కొన్నాడు. దానికి నాకంటే వయసెక్కువ. నల్ల రెక్సిన్, రెండు పెద్ద స్పీకర్లు, ఎత్తాలంటే నలుగురు కావాలి. అయినా ఆ గొంతు ఇప్పటి బాక్సులకు లేదు. వెనక చెక్క మీద పసుపు పెయింటుతో పెద్దగా ఎనిమిది అంకె వేసి ఉండేది.

"ఎనిమిది ఓములప్పా. రాసే ఉండాది కదా, కండ్లు లేవా?" అనేవాడాయన.

పులివెందుల ప్రోగ్రాంకు ముందు నేను మీటరు పెట్టి చూశాను. మీటరు ఎప్పుడూ అసలు లెక్కకు కొంచెం తక్కువే చూపిస్తుంది; ఎనిమిది ఓముల బాక్సయితే ఆరు దాటి చూపాలి. ఒకటి పాయింటు ఆరు దగ్గర ఆగింది. వైర్లు మార్చి చూశాను. అంతే. అంటే అది రెండు ఓముల బాక్సు.

"అన్నా, ఇది రెండే. ఈ ఆంప్లీ దీన్ని మోయలేదు."

"నాలుగు మోసేది రెండు మోయలేదా? నీకు లెక్కలు చెప్పిన అయివారు ఎవరప్పా?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"ఓములు తగ్గితే బరువు పెరుగుతాదన్నా. అడ్డం తక్కువైతే కరెంటు ఎక్కువ గుంజుతాది. కాలవకు తూము పెద్దది చేసినట్ల."

"అట్లయితే నీ మీటరుకు బ్యాటరీ అయిపోయింటాది. దానికి గూడా నీ మాదిరే గుబులు."

"వెనక చెక్క విప్పి చూద్దాం."

"విప్పితే గొంతు పోతాది. ముట్టుకోగాకు."

నా తప్పు దాచను. తగిలించింది నా చేతులే. తగిలించకపోతే కడప నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తానన్నాడు. ఆ మాట కూడా గుర్తుంది.

పెళ్ళి మే నెలలో, పులివెందులలో, పగటి భోజనాల వేళ. లగేజీ ఆటోలో సామాను వేసుకుని జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోయాం. జమ్మలమడుగు దాటుతుంటే వెనక్కి తిరిగి బాక్సు వైపు చూశాను. వెనకెప్పుడో అదే ఊళ్ళో వేరేవాళ్ళ ప్రోగ్రాంలో ఒక బాక్సు కాలడం చూశాను. ముందు ఆంప్లీ లోపల పోయింది, ఆ దెబ్బ బాక్సు మీదికొచ్చింది. స్పీకరు అట్ట ముందుకుబ్బి అట్లాగే బిగుసుకుపోయింది. జాలీలోంచి పొగ, తర్వాత షామియానా గుడ్డకు మంట. బకెట్లతో ఆర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అందరూ మర్చిపోయారు. నేను తప్ప.

పులివెందులలో హాలు చూడగానే అదే గుర్తొచ్చింది. స్టేజీ నిండా పరదా గుడ్డలు, థర్మాకోల్ హంసలు, ప్లాస్టిక్ పూలు. బాక్సు వాటికి ఆనించి పెట్టారు. మొదటి పాట అయ్యేలోపల ఒక ముసలావిడ వచ్చి బాక్సుకు వీపు ఆనించి కింద కూర్చుంది.

"అవ్వా, కొంచెం అట్ల జరుగు."

"యాల నాయినా, నీ పెట్టె అరిగిపోతాదా? ఇది అదురుతాంటే నడుమునొప్పికి శానా సుఖంగా ఉండాది."

ఆమె కదల్లేదు. పాటపాటకీ మధ్య నేను ఆంప్లీ వెనక వేడి పోవడానికున్న అల్యూమినియం రెక్కల మీద అరచెయ్యి పెట్టి లెక్కపెట్టాను. మొదటి పాట తర్వాత పదిదాకా చెయ్యి నిలిచింది. మూడో పాటకు ఆరు. ఐదో పాటకు మూడు. సగం స్వరాలు మింగేసి వాయించాను. ఎవరూ చూడకుండా సౌండు తగ్గించాను. పెద్దాయన నడిచివచ్చి మళ్ళీ పెంచాడు.

"బేసు యాడికి పోయిందప్పా? అన్నం తినలేదా?"

"అన్నా, చెయ్యి పెట్టి చూడు, కాలిపోతాంది."

"మే నెల. నా తల గూడా కాలిపోతాంది."

ఆరో పాట చరణంలో ఉండగా వాసన వచ్చింది. సన్నగా, తియ్యగా, వార్నిష్ వాసన. బిర్యానీ వాసన మధ్యలో కూడా దాన్ని పోల్చుకున్నాను. అవ్వ తల సరిగ్గా స్పీకరు జాలీకి ఆని ఉంది, జడలో మల్లెపూలు. బాక్సు వెనక పరదా గుడ్డ. కువైట్‌లో ఉన్నవాడి ముఖం కళ్ళముందు కనిపించింది. వాడికి ఫోనులో ఏం చెప్పాలో మాటలు కూడా మనసులో కూడబలుక్కుంటున్నాను. అప్పుడు చెయ్యి దానంతటదే పోయి స్విచ్చి ఆపేసింది.

పాట కుంటుపడింది. పెద్దాయన నా వైపు చూసి మైకులో అన్నాడు: "ఏం లేదప్పా, మా బేసాయనకు దడుపు పట్టింది. ఎవురి దగ్గరన్నా తాయెత్తు ఉంటే కట్టండి!"

హాలంతా నవ్వింది. అవ్వ మాత్రం విసుక్కుంది. "ఇప్పుడిప్పుడే నొప్పి తగ్గుతాంటే ఆపినావు కదా!"

మిగతా ప్రోగ్రాం అంతా చప్పుడు లేని గిటారు మీటుతూ నిలబడ్డాను. ఖాళీగా నిలబడితే ఇంకా నవ్వుతారని మీటాను. బేసు లేదని పెళ్ళివాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు బాక్సు దించడానికి పెద్దాయన కొట్టానికి పోయాం. అక్కడ మూలన ఒక పాత మైకుస్టాండ్ల పెట్టె మీద పసుపు పెయింటుతో ఏడు. గోడకు వేలాడుతున్న హారను మీద తొమ్మిది. అదే పెయింటు, అదే చెయ్యి. అద్దెకు పోయిన సామాను తిరిగొచ్చిందో లేదో చూసుకునే అంకెలు అవి.

"అన్నా, ఈ ఏడు కూడా ఓములేనా?" అని అడిగాను.

"టీ తాగుతావా?" అన్నాడు.

తర్వాతి వారం ఆయన బ్రహ్మంగారిమఠానికి పోయినప్పుడు, కొట్టంలోకి పోయి, తుప్పు పట్టిన పదహారు స్క్రూలు విప్పి వెనక చెక్క తీశాను. ఒక్కో స్పీకరు మీద నాలుగు అని అచ్చు ఉంది. రెండింటినీ పక్కపక్కన కలిపారు, అందుకే రెండయింది. ఒక వైరు ముక్క మార్చి, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా కట్టాను. మీటరు ఆరు పాయింటు నాలుగు చూపించింది. అంటే ఇప్పుడది నిజంగానే ఎనిమిది. ఆంప్లీ తగిలించి గంటసేపు వాయించాను. రెక్కల మీద చెయ్యి పెట్టి యాభైదాకా లెక్కపెట్టాను. చల్లగానే ఉంది. అప్పుడు పదహారు స్క్రూలూ మళ్ళీ బిగించాను.

ఆయన తిరిగొచ్చాక చేసింది చెప్పాను. చేతికి మీటరు ఇచ్చాను. చూశాడు. సౌండు కొంచెం తగ్గిందని సణిగాడు. అందరినీ పిలిచి చూపించాడు.

"చూసినారా? ఎనిమిదే. మొదట్నుంచీ నేను చెప్తానే ఉండా."

ఇప్పటికీ పాటపాటకీ నా చెయ్యి ఆ రెక్కల మీదికి పోతుంది. చల్లగా ఉన్నా పోతుంది. వచ్చే నెల కువైట్ నుంచి స్నేహితుడు వస్తున్నాడు. వాడి సామాను వాడికి భద్రంగా అప్పగిస్తాను. ఎట్లా దక్కిందో కూడా చెబుతాను.

అన్నా, నిన్నే అడుగుతాండా. ఇప్పుడెంతని కాదు. పులివెందులలో ఆ మధ్యాహ్నం, ఆ అవ్వ ఆనుకుని కూర్చున్నప్పుడు, నీ బాక్సు ఎన్ని ఓములు? నవ్వించింది మైకులో కదా. జవాబు కూడా మైకులోనే చెప్పు.