ముందు జాలి ఉండాలి

ఆ ఎండాకాలం మా అమ్మాయి కంప్యూటర్ రోజూ మధ్యాహ్నం మూడింటికి తనంతట తానే ఆగిపోయేది. కరెంటు ఉండేది, పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది. తెర మాత్రం నల్లబడేది. అప్పటిదాకా చేసిన పనిలో కొంత పోయేది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకునేది.

ఆమె పెళ్లి వీడియోలు కూర్చే పని చేస్తుంది. మా ఊరు బీదర్‌లోనే ఒక స్టూడియోలో ఏడేళ్లు చేసింది. అంతకుముందు చలికాలంలో అక్కడ మానేసి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టింది. మానేసిన రోజు స్టూడియో యజమాని, "పో బిడ్డా, పో. ఎండలు ముదిరేసరికి నువ్వే వాపస్ వస్తవ్. నీ కుర్చీ గట్లనే ఉంచుత" అన్నాడట. ఎండలు ముదిరాయి. సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని కమలనగర్ వాళ్ల పెళ్లి. ఫలానా ఆదివారం వాళ్లింట్లో బంధువులందరూ కూడతారు, ఆ రోజుకు వీడియో చేతిలో ఉండాలి. లేకపోతే తీసిందంతా పట్టుకెళ్లి ఆ స్టూడియోకే ఇచ్చేస్తామని ముందే చెప్పారు. అంటే ఆ కంప్యూటర్ ఆగితే మా అమ్మాయి మళ్లీ ఆ కుర్చీలోకే వెళ్లాలి.

కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేదు. అందుకని ఉన్నదాన్నే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపేది. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని చెప్పింది.

"అంటే ఏంది?" అన్నాను.

"ఎద్దును జర జోరుగ ఉరికిస్తున్న అనుకో."

"ఉరికిస్తే ఆయాసం రాదా మరి?"

"వస్తాంది. గందుకే పండుకుంటాంది."

వేగం తగ్గిస్తే ఆగదు కానీ, తెర మీద బొమ్మ ముక్కుతూ మూలుగుతూ కదులుతుంది, ఆదివారానికి పని తెమలదు. ఒక రోజు ఆమె కంప్యూటర్ పక్క రేకు విప్పింది. నేను లోపల చెయ్యి పెట్టి చూశాను. తడి ఆరని కందుల బస్తాలోకి చెయ్యి దూర్చినట్టు వేడి కొట్టింది. నేను గాంధీ గంజ్‌లో ఒక పప్పుల గోదాములో ఇరవై ఆరేళ్లు చెరిగాను, జల్లెడ పట్టాను. బస్తాలు గోడకు ఆనించి పెట్టనివ్వరు అక్కడ. కింద చెక్కలు, గోడకీ బస్తాకీ మధ్య జానెడు సందు. సందు లేకపోతే లోపల గింజ ఉడికిపోతుంది. ఈ డబ్బాకు ముందు వైపు మొత్తం మూత, గాలి పోవడానికి కింద చిన్న గీత.

"దీనికి ఊపిరి ఆడతలేదు" అన్నాను.

"నాకూ ఎరికే. కొత్త కేసు కావాలె."

"కేసా? ఎవరి మీద?"

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. కంప్యూటర్ డబ్బాను కేసు అంటారని నాకు అలా తెలిసింది. అయినా నేను డబ్బా అనే అంటాను.

మర్నాడు ఇద్దరం బీదర్‌లో కంప్యూటర్ సామాను అమ్మే దుకాణానికి వెళ్లాం. దారిలో ఏం చూడాలో చెప్పింది. లైట్లు, రంగులు, అద్దం చూడొద్దు. ముందు వైపు గాలి దూరే జాలి ఉండాలి, దాని వెనక రెండు మూడు ఫ్యాన్లు పట్టాలి. చల్లగాలి ముందు నుంచి లోపలికి రావాలి, వేడిగాలి వెనక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. వైర్లు గాలికి అడ్డం రాకుండా వెనక దాచే చోటుండాలి. ఇంతే. చవకలో కూడా ఇవి దొరుకుతాయట, వెతకాలట.

దుకాణం ఆయన మా ముందు ఒక నల్లటి డబ్బా పెట్టి మీట నొక్కాడు. ముందున్న అద్దంలో ఎరుపు, నీలం, పచ్చ లైట్లు తిరిగాయి.

"చూడుండ్రి అమ్మా, షాదీఖానా లెక్క లేదూ?"

"షాదీఖానా వద్దన్నా," అంది మా అమ్మాయి. "దవాఖానా లెక్క కిటికీలు ఉన్నది చూపించు."

అలాంటిది ఒకటుంది కానీ దాని ధర మాకు అందదు. ఫోన్‌లో తెప్పిస్తే వారం పైన పడుతుంది. హైదరాబాద్‌లో చాలా రకాలుంటాయి, కానీ ఆమె పని వదిలి వెళ్లేట్టు లేదు. అప్పుడు నాకు టీచరమ్మ గుర్తొచ్చింది.

టీచరమ్మ మా పక్కింట్లో ఉంటుంది. కోస్తా వైపు నుంచి భర్త ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయింది. బడి నుంచి రిటైరైంది. నాకు యాభై మూడో ఏట అక్షరాలు దిద్దించింది ఆమే. నేర్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టింది. ఆమె దగ్గర నాకేం కావాలన్నా రాసివ్వాలి. నోటితో అడిగితే వినపడనట్టు ఉంటుంది. చెంచాడు కాఫీ పొడి కావాలన్నా చీటీ రాయాల్సిందే. ఇంకో పద్ధతి, మా ఇంటి మాట కాగితం మీద పెట్టకూడదు. 'ఉండాలె' అని రాస్తే 'ఉండాలి' అని దిద్దేది. 'ముందల' అని రాస్తే కొట్టేసి 'ముందు' అని రాసేది. "అది మీ మాట, ఇది పుస్తకం మాట. రెండూ నీవే, కానీ చోటు చూసుకోవాలి" అనేది.

ఆమె బుధవారం చెల్లెలింటికి హైదరాబాద్ వెళ్తోంది. మర్నాడే తిరిగొస్తుంది. నేను కాగితం, పెన్ను పట్టుకుని మా అమ్మాయి పక్కన నిలబడ్డాను.

"ఏం రాయాలె?"

ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్ ఒక పక్కకి జరిపి, తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "ఏటీఎక్స్ సైజు. ముందల జాలి ఉండాలె. తక్కువల. గంతే."

నేను బల్ల మీద కూర్చుని నిదానంగా రాశాను. నేర్పినట్టే, ఇంటి మాటలన్నీ పుస్తకం మాటలు చేసి రాశాను.

'కంప్యూటర్ డబ్బా కావాలి. ఏటీఎక్స్ సైజు. ముందు జాలి ఉండాలి. తక్కువలో.'

టీచరమ్మ చదివింది. రెండోసారి చదివింది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్క తప్పు లేదమ్మా" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నా చేతిరాత బాగుందనే అనుకుని ఇంటికొచ్చాను.

గురువారం సాయంత్రం ఆటోలో పెద్ద అట్టపెట్టెతో దిగింది. ముగ్గురం కలిసి లోపలికి తెచ్చాం. మా అమ్మాయి పైమూత తీసి డబ్బాను బయటికి లాగింది. ముందు వైపు నిలువెత్తు అద్దం. అద్దానికి అటూ ఇటూ వేలు దూరనంత సందు. మా ఊరి దుకాణంలో చూసిన షాదీఖానాకు అక్క.

మా అమ్మాయి చిటికెన వేలు ఆ సందులో పెట్టి చూసింది, వెనక్కి తీసుకుంది.

టీచరమ్మ మాత్రం హుషారుగా ఉంది. "నువ్వు రాసింది రాసినట్టే చూపించానమ్మాయ్. ఫోన్ కూడా చెయ్యలేదు, నీ చీటీతోనే పని జరగాలని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఈవిడ రాసింది చూడండి బాబూ, ముందు జాలి ఉండాలంటోంది అన్నాను. ఆ దుకాణం ఆయన చదివి ఎంత కదిలిపోయాడనుకున్నావ్! ఇంత మంచి డబ్బాని సగానికి సగం తగ్గించి ఇచ్చాడు."

"జాలి ఏది టీచరమ్మా?" అన్నాను.

"చూపించాడంటున్నానుగా!"

"చూపించుడు కాదు. డబ్బాకు జాలి ఏది? ముందల ఉండే జాలి."

ఆమెకు అర్థం కాలేదు. నేను వంటింట్లోకి వెళ్లి గోడకున్న జల్లెడ తీసుకొచ్చి, అడుగున ఉన్న ఇనుప అల్లికను వేలితో కొట్టి చూపించాను. మాకు జాలి అంటే ఇదే. జల్లెడకు ఉండేది జాలి, కిటికీకి కొట్టేది జాలి, మురుగు పోయే మోరీ మీద వేసేది జాలి. ఆమె అనుకున్న జాలిని మేము రహం అంటాం, లేదా పాపం అంటాం.

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "నోటితో చెప్పుంటే తెలిసేదే. ఇన్నేళ్లుగా వింటున్న మాటే. కాగితం మీద అంత శుభ్రంగా కనబడేసరికి పుస్తకం మాటనుకున్నాను."

'ముందు' అంటే 'మొదట' అని కూడా వస్తుంది. 'ముందల' అని నా ఇష్టం వచ్చినట్టు రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదని నాకు తోచింది. పైకి అనలేదు. నాకు కోపం మాత్రం వచ్చింది. గంజ్‌లో ఇరవై ఆరేళ్లలో ఏ సేఠ్‌నూ పాపం చూడమని అడగలేదు. నేను రాసి బయటికి పంపిన మొదటి కాగితం హైదరాబాద్ వెళ్లి దేబిరించి వచ్చింది.

"వాపస్ ఇద్దామా?" అన్నాను.

"అద్దం పగిలిందేమోనని అక్కడే విప్పించానే" అంది టీచరమ్మ. విప్పింది తిరిగి తీసుకోరట. తీసుకున్నా మళ్లీ హైదరాబాద్, మళ్లీ రెండు రోజులు. ఆదివారానికి మధ్యలో శుక్ర, శనివారాలే ఉన్నాయి.

మా అమ్మాయి నా చేతిలోని జల్లెడ వంకే చూస్తోంది. "అమ్మా, గిది ఎంత వెడల్పు ఉంటది?"

అద్దం పలక క్లిప్పుల మీద నిలబడింది. గట్టిగా లాగితే ఊడి వచ్చింది. వెనక మూడు ఫ్యాన్లు, ఉత్త చట్రం. అక్కడ జాలి బిగిస్తే సరిపోతుంది. ఇక ఏ జాలి అన్నది నా పని. ఇంట్లో నావి మూడు జల్లెడలున్నాయి. పిండి జల్లెడ సన్నం, గాలినే ఆపుతుంది. శనగల జల్లెడ కళ్లు పెద్దవి, బీదర్ ఎర్రదుమ్మంతా లోపలికి పోతుంది. జొన్నల జల్లెడను నోటి ముందు పెట్టుకుని ఊదాను. అవతల అరచేతికి ఊపిరి బాగానే తగిలింది. గంజ్‌లో పని మానేటప్పుడు తెచ్చుకున్నదది.

"పాడైతదే" అంది మా అమ్మాయి.

"ఇప్పుడు దాంతో ఏం చెరుగుతున్న? కొయ్యి."

శుక్రవారం పొద్దున రేకులు కోసే కత్తెరతో జాలిని కోసి, చట్రానికి ప్లాస్టిక్ పట్టీలతో కట్టేశాం. అంచులు చేతికి గీసుకోకుండా టేపు చుట్టింది. మధ్యాహ్నానికి పాత డబ్బాలో ఉన్నదంతా కొత్తదానిలోకి మార్చింది. మీట నొక్కాక నేను చిటికెడు కంది పొట్టు జాలి ముందు వదిలాను. పొట్టు వెళ్లి జాలికి అతుక్కుంది. గాలి లోపలికి పోతోంది. వెనక్కి వెళ్లి దూది పోగు పట్టుకున్నాను. బయటికి ఎగరాల్సిన పోగును డబ్బా లోపలికి లాక్కుంది.

"ఎనుక ఫ్యాన్ ఉల్టా ఉన్నది" అన్నాను.

"ఉండది. గది డబ్బాతోనే ఫిట్ చేసి వచ్చింది."

"రా, వచ్చి చూడు."

వచ్చి చూసింది. నాలుక కరుచుకుని ఫ్యాను విప్పి తిప్పి పెట్టింది. ఈసారి పోగు గోడ వైపు తిన్నగా ఎగిరింది.

శనివారం పన్నెండింటికి కూర్పు అయిపోయింది. ఇక మొత్తాన్ని ఒకే ఫైలుగా బయటికి తీయాలి. నాలుగు గంటలు పడుతుందని, మధ్యలో ఆగితే మొదటి నుంచి చెయ్యాలని చెప్పింది. తెర మూలన వేడి అంకె కనబడుతుంది. అంకెలు నాకు అక్షరాల కంటే ముందే వచ్చు, బస్తాల మీద చూసి నేర్చుకున్నవి. ఇదివరకు తొంభై దాటాక ఆగిపోయేది. ఆ రోజు రెండింటికి డెబ్బై ఎనిమిది. టీచరమ్మ మజ్జిగ తెచ్చి, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. మూడింటికి ఎనభై ఒకటి. ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు. మూడూ పదికి కూడా ఎనభై ఒకటే. మూడున్నరకు మా అమ్మాయి లేచి మొహం కడుక్కొచ్చింది.

నాలుగు దాటాక కంప్యూటర్ చిన్నగా టింగుమంది. "అయింది" అంది, అంతే. తర్వాత మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. ఆదివారం పొద్దున కమలనగర్ నుంచి పెళ్లికొడుకు మేనమామ వచ్చి తీసుకెళ్లాడు. పోతూ పోతూ ఆ డబ్బా వంక చూసి, "గదేందమ్మా, కంప్యూటర్‌కు జల్లెడ కట్టిండ్రు?" అన్నాడు. "చెరిగి ఇస్తం మామా, రాళ్లు రాకుంట" అంది మా అమ్మాయి. వారం తిరక్కముందే వాళ్ల చుట్టాలది ఇంకో పెళ్లి వచ్చింది. స్టూడియోలో ఆ కుర్చీ ఇంకా ఖాళీగా ఉందో లేదో మాకు తెలియదు.

జాలి నిండా దుమ్ము పడితే గాలి తగ్గిపోతుంది. అందుకని నేను ఒక కాగితం రాసి కంప్యూటర్ పైన గోడకు అంటించాను.

'ముందల జాలి ప్రతి సోమవారం దులపాలె.'

టీచరమ్మ వచ్చినప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదివింది. పెన్ను తీయలేదు.