బొమ్మకు మాట

కరకోల్ ఊరి ఆసుపత్రిలో మసాజ్ చేసే ఓర్మోన్‌కి పుట్టుకతోనే చూపు లేదు. నడుం పట్టేసి వచ్చినవాళ్ళు అతని చేతుల్ని మెచ్చుకునేవారు, నోటికి భయపడేవారు. తన సంగతులు తన చెవులతోనే తెలుసుకోవాలన్నది అతని పంతం. పింఛను, పన్ను, డాక్టరు చీటీ అన్నీ సర్కారు వెబ్‌సైట్‌లోకి చేరాక ఆ పంతం మరీ ముదిరింది. అతని ఫోను తెరమీది మాటల్ని పైకి చదివేదే గానీ, ఆ సైట్‌లోకి వెళ్తే మాత్రం "బటన్, బటన్, బొమ్మ" అని వాగి ఊరుకునేది.

అందుకని భార్య సయ్రాగుల్ చదివేది. ఆవిడ చదువుడు ఒక పట్టాన తెమిలేది కాదు.

"ఇక్కడ మంత్రిగారి ఫొటో ఉంది. పిండి పొంగి గిన్నె దాటినట్టుంది మొహం."

"నాకు పింఛను సంగతి కావాలే, మంత్రి మొహం కాదు!"

"చూసింది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోదూ? అన్నట్టు మన పేజీలో నా ఫొటో కూడా పెట్టారు. నవ్వొద్దన్నాడు ఆ ఫొటోవాడు. పుల్లమజ్జిగ తాగిన మేకలా ఉన్నాను. కనబడదు కాబట్టి బతికిపోయావు."

అతను పగలబడి నవ్వేవాడు. మరుక్షణం ఉక్రోషం ముంచుకొచ్చేది. తన రక్తపరీక్ష ఫలితం కూడా ముందు ఆమెకే తెలియాలా?

చివరికి సర్కారు సైట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని చట్టం వచ్చింది. ఆ సైట్‌ని నడిపే శాఖవాళ్ళు ఘనంగా అందులో ఓ మూల కళ్ళజోడు గుర్తు పెట్టి చేతులు దులుపుకున్నారు. దాన్ని నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. ఓర్మోన్ భార్యను వెంటబెట్టుకుని రాజధాని బిష్కెక్ వెళ్ళి, వాళ్ళ సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"అక్షరం గుమ్మడికాయంత చేసినా నాకు కనబడదు నాయనా!" అని కడిగేశాడు. ప్రతి బటనుకూ పేరుండాలి, ప్రతి బొమ్మకూ మాట ఉండాలి అని నియమాల్లో రాయించేదాకా వదల్లేదు.

"బొమ్మకు మాటంటే ఎలాంటి మాట?" అని ఓ అధికారి అడిగాడు.

"మా ఆవిడ చెప్తుందే, అలాంటి మాట."

హాలంతా నవ్వింది. సయ్రాగుల్ నవ్వలేదు. తిరుగుప్రయాణంలో బస్సు ఇస్సిక్‌కుల్ సరస్సు పక్కనుంచి పోతున్నా, నీళ్ళు ఆ రోజు ఏ రంగులో ఉన్నాయో చెప్పలేదు.

"ఏంటే, అలిగావా?"

"ఆ సైటు బాగుపడితే ఇక నాతో నీకేం పని, ముసలోడా?"

"హాయిగా టీ తాగుతాను, నీ గోల లేకుండా" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. ఆ చలికాలమే సయ్రాగుల్ గుండె ఆగిపోయింది. తను అన్న ఆ మాట మాత్రం అతని లోపల రగులుతూ ఉండిపోయింది.

మంచు కరిగాక ఆ శాఖ నుంచి బురుల్ అనే అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. కొత్త సైటు నియమాల ప్రకారం ఉందో లేదో అతనిచేతే పరీక్ష చేయించుకు రమ్మని పంపారట. ఓర్మోన్ ఫోను తెరమీద వేలు జరిపాడు. ఇన్నేళ్ళకి ఫోనులోని గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. పింఛను చదివింది. పన్ను చదివింది. ఆపకుండా అదే వరసన చదువుకుపోయింది.

"కుటుంబం. భార్య, సయ్రాగుల్. మరణించారు. ఫొటో: మహిళ ముఖం."

అతను వేలు వెనక్కి జరిపాడు.

"ఫొటో: మహిళ ముఖం."

"తప్పేమైనా ఉందా బాబాయ్?" అంది బురుల్.

"లేదమ్మా. మహిళే. ముఖమే."

బురుల్ తెరమీదికి వంగి చూసింది. పాపం, ఆ పిల్లకి మనసు కరిగింది. "పిన్ని ఎలా ఉన్నారో నేను చెప్పనా? తలకి తెల్ల గుడ్డ కట్టుకున్నారు. చాలా గంభీరంగా ఉన్నారు."

"గంభీరంగానా?"

ఓర్మోన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. మసాజ్ నూనె అంటిన చేతులతోనే మొహం కప్పుకున్నాడు. ఏం తప్పు మాట్లాడానో అని బురుల్ బెంబేలుపడింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయని రాసుకో తల్లీ" అన్నాడు మొహం తుడుచుకుని. "నేను అడిగిందే ఇచ్చారు."

ఆమె వెళ్ళిపోయాక టీ పోసుకున్నాడు. అది చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఫోను చెవికి ఆనించుకుని ఆ ఫొటో మీదే మళ్ళీ వేలు పెట్టాడు.