తప్పు ప్రింటర్‌దే!

లోకంలో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది చేసింది మనిషి కాదు, మిషనేనని మావయ్య గట్టి నమ్మకం. అత్తయ్య స్టవ్వు మీద పాలు పెట్టి ఫోన్లో కబుర్లలో పడిపోతే, పొంగిపోయిన పాలకు స్టవ్వుది తప్పు. పక్కింటాయన ఒళ్ళెరగకుండా నిద్రపోయి ఆఫీసు బస్సు అందుకోలేకపోతే అలారంది తప్పు. "అది మోగే పద్ధతేం బాగోలేదండీ, జోల పాడుతున్నట్టుంది" అంటాడు. చెల్లెలు నాలుగు కేజీలు బరువు పెరిగితే తూకం మిషనుది తప్పు.

అలాంటి మనిషికి దేవుడు కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేసే దుకాణం ఇచ్చాడు. ఇక చెప్పేదేముంది! ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పుతూనే "ముద్దాయి ఎక్కడ?" అని అడుగుతాడు. ప్రింటర్ చూపిస్తారు. దాని ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, "ఏం? పెద్దమనుషుల ఇంట్లో ఉండి చేసే పనేనా ఇది?" అని నిలదీస్తాడు. అది కిక్కురుమనదు. "చూశారా, తప్పుచేసిన మొహం!" అంటాడు ఇంటివాళ్ళతో. అందుకే ఆ చుట్టుపక్కల ఆయన్ని అందరూ ముద్దాయి మావయ్య అంటారు.

ఇదంతా చూసి ఒళ్ళు మండిపోయేది ఒక్క మేనకోడలికే. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, మావయ్య దుకాణంలోనే పనికి చేరింది. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. రోగం ఎక్కడుందో చిటికెలో పట్టేస్తుంది. పట్టిన వెంటనే మొహం మీద చెప్పేస్తుంది.

ఒకసారి ట్యూషన్ మాస్టారు ప్రింటర్‌ని పసిపిల్లాడిలా రెండు చేతులా ఎత్తుకుని దుకాణానికి తెచ్చారు. అన్నీ తెల్ల కాగితాలే వస్తున్నాయట. మేనకోడలు మూత తెరిచి మూసింది.

"ప్రింటర్ బాగానే ఉందండీ. కొత్త ఇంకు కార్ట్రిడ్జికి అంటించి ఉన్న టేపు మీరు పీకలేదు. పీకమని దాని మీద పెద్దక్షరాలతో రాసే ఉంది."

మాస్టారి మొహం ముడుచుకుపోయింది. ప్రింటర్‌ని మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆ వీధిలో నడవడమే మానేశారు.

"నిజమే కదా చెప్పాను! అందులో నా తప్పేముంది?" అంది మేనకోడలు.

"నీ తప్పేం లేదమ్మాయీ. తప్పు ఆ టేపుది" అన్నాడు మావయ్య.

టేపు మిషను కాదని వాదిద్దామనుకుంది గాని, ఓపిక లేక ఊరుకుంది.

పళ్ళ డాక్టరుగారి వ్యవహారం ఇంకా అన్యాయం. ఆయన కంప్యూటర్‌కి ఉన్నట్టుండి వైఫై ఆగిపోయింది. ఇద్దరూ వెళ్ళారు. మావయ్య బల్ల కింద దూరి కంప్యూటర్‌ని చీవాట్లు పెడుతుంటే, మేనకోడలి కళ్ళకి అసలు సంగతి కనబడనే కనబడింది. వైఫై అందుకునే బుల్లి ముక్క కంప్యూటర్ వెనకాల ఉండాల్సింది, పెన్నుల డబ్బాలో ఉంది. అది ఉండాల్సిన చోట డాక్టరుగారి ఫోను తీగ వేలాడుతోంది. ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి, పళ్ళు పీకే చేత్తోనే దాన్నీ పీకి పారేశాడన్నమాట!

ఆమె నోరు తెరిచేలోగా మావయ్య ఆ ముక్కని గబుక్కున తీసి గుప్పిట్లో దాచాడు.

"దొరికింది డాక్టరుగారూ! ఈ జాతివి ఇంతే. కాస్త వేడెక్కితే చాలు, జారి బయటికొచ్చేస్తాయి. మీరు కనక ఇన్నాళ్ళు భరించారు."

"నేనూ అదే అనుకున్నానండీ! మొదట్నుంచీ వదులుగానే ఉంది!" అన్నాడు డాక్టరు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

రోడ్డు మీదికి రాగానే మేనకోడలు అందుకుంది.

"జారి బయటికొచ్చిందా మావయ్యా? వచ్చి, బల్లెక్కి, పెన్నుల డబ్బాలో పడుకుందా?"

"చలేసి ఉంటుంది."

"ఇందాకే వేడెక్కిందన్నావు!"

"అదే మరి. వేడికీ చలికీ తట్టుకోలేనిది వైఫైకేం పనికొస్తుంది?"

ఆయనతో వాదించడం కన్నా గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం నవ్వదు.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక పొద్దున బడినుంచి ఫోనొచ్చింది. ఆ బడిలోని కంప్యూటర్లన్నీ చూసుకునేది మావయ్యే. దుకాణం నడుస్తోందంటే సగం ఆ బడి చలవే. ఫోన్లో ఆఫీసు క్లర్కు ఆంటీ.

"బాబ్బాబు, త్వరగా రండి! ఇవాళ ఈత పోటీల బహుమతులు. సర్టిఫికెట్లు రావట్లేదు! తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటున్నారు! మేడమ్ నన్ను నమిలి మింగేస్తుంది!"

ఉన్నపళంగా ఇద్దరూ వెళ్ళి బడిలో వాలారు. ఆఫీసు గది యుద్ధభూమిలా ఉంది. కుర్చీల మీద మెడల్సు, బల్ల మీద పూలగుత్తులు, గుమ్మంలో తడిజుట్టు పిల్లలు. మధ్యలో కంప్యూటర్ ముందు క్లర్కు ఆంటీ, కనబడిన మీటల్లా నొక్కేస్తోంది. కిటికీ పక్క ప్రింటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు నీలం దీపం ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది.

"ముద్దాయి ఎక్కడ?" అన్నాడు మావయ్య ఉత్సాహంగా.

"ఇప్పుడు కాదు మావయ్యా!" అని మేనకోడలు ఆయన్ని పక్కకి తోసి కుర్చీలో కూర్చుంది. తెర మీద ప్రింటర్ పేరు పక్కన 'ఆఫ్‌లైన్' అని ఉంది. పని మొదలెట్టింది. ప్రింటర్ ఆపి మళ్ళీ వేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ప్రింటర్‌ని మళ్ళీ వెతికి పట్టుకోమని కంప్యూటర్‌కి చెప్పి చూసింది. అసలలాంటి ప్రింటరే ఎక్కడా లేదంది కంప్యూటర్. మళ్ళీ చూసింది. మళ్ళీ అదే మాట.

"వైఫై ఏమైనా..." అన్నాడు మావయ్య.

"వైఫై సంగతి నువ్వు చూడక్కర్లేదు. నిన్న సాయంత్రం కొత్త రూటర్ పెట్టింది నేనే. నెట్టు గుర్రంలా పరిగెడుతోంది, కావాలంటే చూడు!"

మావయ్య చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

అంతలో ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే గుమ్మంలో పిల్లలు మాయమైపోయారు.

"ముఖ్య అతిథి గేటు దగ్గర దిగారు. నా చేతిలో ఒక్క సర్టిఫికెట్టూ లేదు. నిన్నటిదాకా నిక్షేపంలా పనిచేసిన ప్రింటర్ ఇవాళెందుకు ఆగింది?" ఆవిడ చూపు క్లర్కు ఆంటీ మీద ఆగింది. "ఎవరో ఏదో కెలికారు. ఆ నిర్వాకం ఎవరిదో నాకిప్పుడే తెలియాలి. వాళ్ళకి ఈ బడిలో ఇవాళే ఆఖరు రోజు."

"నేను ప్రింటు మీట తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు మేడమ్!" అంది క్లర్కు ఆంటీ ఏడుపు గొంతుతో.

మేనకోడలు విసురుగా లేచి, ఎక్కడైనా తీగ ఊడిందేమో చూద్దామని మావయ్య వెనక్కి వెళ్ళింది. ఆయన ప్రింటర్ మీదున్న బుల్లి తెరలో ఏదో చదువుతున్నాడు. ఆయన భుజం మీంచి తనూ చదివింది.

తెల్లబోయింది.

ప్రింటర్ వెతుక్కుంటున్నది పాత రూటర్‌ని. తను నిన్న పీకి బీరువా మీద పడేసిన రూటర్‌ని! కంప్యూటర్‌కి కొత్త వైఫై కలిపింది, మేడమ్ ఫోనుకి కలిపింది, ఆఖరికి కాపలా అతని ఫోనుకీ కలిపింది. ప్రింటర్ సంగతే మర్చిపోయింది. ఒక్క కాగితం ప్రింటు తీసి చూసుకున్నా అప్పుడే తెలిసేది. ఇంటికెళ్ళే తొందరలో అదీ చెయ్యలేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన చుట్టాల తలుపు బాదుతున్నట్టు, ఆ ప్రింటర్ నిన్నటినుంచీ పాత రూటర్‌ని పిలుస్తూనే ఉందన్నమాట, పాపం.

మావయ్య వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి ఒక్కసారి చూశాడు. మళ్ళీ ప్రింటర్ వైపు తిరిగి, బుల్లి తెర మేడమ్‌కి కనబడకుండా తన పొట్ట అడ్డం పెట్టాడు. అంత పెద్ద పొట్ట ఒకందుకు పనికొస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"దొరికిపోయావురా!" అని ప్రింటర్ మీద ఒక్క అరుపు అరిచాడు. మేడమ్ ఉలిక్కిపడింది. "మేడమ్, ఇది మనుషులు చేసే పని కాదు. దీనికి పొగరు! కొత్త రూటర్ వచ్చిందిగా, దాని మాట ఇది వినదట. పాత రూటరే కావాలట! ఎంత సాధించిందో చూడండి, పాపం ఈవిడ పొద్దుట్నుంచీ బతిమాలుతుంటే!"

అంటుండగానే ఆయన వేళ్ళు పొట్ట చాటున చకచకా కదులుతున్నాయి. కొత్త వైఫై పేరు ఎంచుకున్నాడు. "దీని సంకేతపదం ఏమిటమ్మాయీ?" అన్నాడు చెవిలో. ఆమె గుసగుసగా చెప్పింది. "వినిపించుకో! ఇవాళ్టినుంచీ నీకు ఈ రూటరే దిక్కు!" అని పైకి గద్దిస్తూ ఒక్కో అక్షరం నొక్కాడు.

నీలం దీపం మినుకుమనడం మానేసి నిలకడగా వెలిగింది. ప్రింటర్ గొంతు సవరించుకుంది. గడగడమంటూ మొదటి సర్టిఫికెట్టు బయటికొచ్చింది.

"వచ్చింది! వచ్చేసింది!" క్లర్కు ఆంటీ ఎగిరి గంతేసినంత పని చేసింది.

రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చూసింది. మూడూ ఒకే పాపవి. నాలుగోదీ ఆ పాపదే. క్లర్కు ఆంటీ పొద్దుట్నుంచీ కంగారులో నొక్కిన నొక్కులన్నీ కంప్యూటర్‌లో వరసలో నిలబడి ఉన్నాయిగా! అవన్నీ ఇప్పుడు గేటు తెరిచిన సినిమాహాల్లోకి జనంలా తోసుకొస్తున్నాయి. కాగితాలు ట్రే నిండి నేలమీదికి ఎగురుతున్నాయి.

"ఒక్క పిల్లకి ఇన్ని మొదటి బహుమతులా!" అంది మేడమ్.

"పాప బాగా ఈదిందనుకుంటా మేడమ్. ఇదీ ఆనందం పట్టలేకపోతోంది!" అన్నాడు మావయ్య గాల్లోనే కాగితాలు పట్టుకుంటూ.

మేనకోడలు ఒక్క దూకులో కంప్యూటర్ దగ్గరికి చేరి ఆ వరసంతా రద్దు చేసి, ఒక్కొక్కరి పేరూ ఒక్కొక్కసారే పంపింది. ఈసారి బుద్ధిగా వచ్చాయి. ఆఖరి సర్టిఫికెట్టు ఇంకా వెచ్చగా ఉండగానే మేడమ్ కట్టంతా పట్టుకుని వేదిక వైపు పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం ఆ బడి పుట్టాక అదే మొదలు. గుమ్మంలో ఆగి, ప్రింటర్ వైపు వేలు చూపించి, "దాన్ని కాస్త గట్టిగానే మందలించండి!" అని చెప్పి మరీ వెళ్ళింది.

బయట చప్పట్లు మోగుతున్నాయి. మేనకోడలు నేలమీది కాగితాలు ఏరుతూ క్లర్కు ఆంటీ పక్కన చేరింది. ఇక ఆగలేకపోయింది.

"ఆంటీ, మీరేం చెయ్యలేదు. ప్రింటర్ కూడా ఏం చెయ్యలేదు. నిన్న నేనే దాన్ని కొత్త వైఫైకి కలపడం మర్చిపోయాను."

"ఊరుకోమ్మా, మా మంచిదానివి! మీ మావయ్య చెప్పాడుగా, దానికి పొగరని." ఆంటీ కళ్ళు తుడుచుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకో మాట చెప్తా, ఎవరితో అనకు. ఆ మధ్య ఆ స్కానర్ మీద టీ ఒలకబోసింది నేనే. అప్పుడు దాన్నించి టీ వాసన కూడా వస్తోంది. మీ మావయ్య వచ్చి, మేడమ్ ముందు ఏమన్నాడో తెలుసా? ఎండకి స్కానర్‌కి చెమట పట్టిందన్నాడు! మేడమ్ నమ్మి, దానికో ఫ్యాను కూడా పెట్టించింది."

స్కానర్ పక్కన నిజంగానే చిన్న ఫ్యాను తిరుగుతోంది. మేనకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గేటు బయటికొచ్చాక అడిగింది. "మావయ్యా, తప్పు నాదని నీకు తెలుసు కదూ?"

"తెర చూసి నువ్వు తెల్లబోయావే, అప్పుడే నీకూ తెలిసిపోయింది. తెలిసిన మనిషికి మళ్ళీ మైకు పెట్టి చెప్పడం దేనికి? ఇంక జన్మలో ఒక్క కాగితమైనా ప్రింటు తీసి చూడకుండా రూటర్ మారుస్తావా?"

"మార్చను."

"అంతే. ప్రింటర్‌ని ఎంత తిట్టినా దానికి రాత్రి అన్నం సయించకపోవడం ఉండదు" అంటూ స్కూటరెక్కి స్టార్టు చేశాడు. అది దగ్గింది. మళ్ళీ తన్నాడు. మళ్ళీ దగ్గి ఆగిపోయింది.

ఇప్పుడు స్కూటర్‌కి మూడిందనుకుంది మేనకోడలు. మావయ్య దిగి, ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

"పెట్రోలు లేదు. పొద్దున మీ అత్తయ్య మరీ మరీ చెప్పింది, నేనే పోయించడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాడు మామూలుగా.

ఆమె బిత్తరపోయింది. ఆలోచిస్తే, ఇన్నేళ్ళలో మావయ్య తన పొరపాటుని ఏ మిషను మీదైనా తోసిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆమె స్కూటర్ ముందుకొచ్చి నడుం మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది.

"నీ తప్పేముంది మావయ్యా? అసలీ పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు మొహం చూడు! ఎంత దొంగదో చూస్తేనే తెలియట్లా?"

మావయ్య ముల్లు వైపు చూశాడు. మేనకోడలి వైపు చూశాడు. రోడ్డు మీద జనం తిరిగి చూసేలా పడీ పడీ నవ్వాడు. తర్వాత ఇద్దరూ చెరో వైపూ చేరి, ఆ ముల్లుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, పెట్రోలు బంకు దాకా స్కూటర్ని తోసుకుంటూ వెళ్ళారు.