కంచె నీడలో నల్లకాడ మొక్క

స్వీడన్‌లో మా మాల్మో ఊరి తోటల్లో కంచె మొక్కలు నడుమెత్తు దాటకూడదన్నది రూలు. ఒకరి పూలు ఒకరికి కనబడాలి కదా. ఆ రూలు కోసం ఊరందరితో తగువు పడే మా గున్వోర్, తన కంచెకే కత్తెర తగలనివ్వడం మానేసింది.

కారణం పక్క తోట మైకెన్. ముందటేడు గున్వోర్ తన నల్లకాడ పూలమొక్క దుబ్బు విడదీసి, పనికిరాని ముక్కను ఏరి మరీ ఆమెకిచ్చింది. నిరుడు అది నడుమెత్తు లేచింది. గున్వోర్ మొక్క ఎండకు ఆకులు మాడి మోకాలి దగ్గరే ఆగింది.

"మొక్క నాది, మెప్పు ఆ మైకెన్‌దా? కంచె పెరగనీ, నా కంట పడకపోతే చాలు" అని నా దగ్గర పళ్లు నూరింది.

ఈ ఏడు కంచె చాటున మైకెన్ మొక్క మనిషెత్తు దాటి తెల్లటి పూల వెన్నులు వేసింది. నిన్న నేను గున్వోర్ తోటలో ఉండగా మైకెన్ యాలకుల బన్నులతో వచ్చింది.

"అక్కా, ఇదంతా నీ చలవే. ఆ మొక్కకి ఎండ పడదట. నాకోసం రూలు కూడా పక్కనపెట్టి కంచె నీడ ఇచ్చావు!"

గున్వోర్ నోట్లో బన్ను నోట్లోనే ఉండిపోయింది. మైకెన్ వెళ్లగానే కత్తెర పట్టుకుని కంచె దగ్గరికి ఉరికి, అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"కంచె కోస్తే ఆ పూలు కళ్లబడతాయి. కోయకపోతే ఇంకా ఎదుగుతాయి. ఏం చెయ్యమంటావే?"

నేను ఇంకో బన్ను తీసుకున్నాను.