పట్టుచీర మీద బోరు నీళ్లు

శివపార్వతికి కుదురుగా కూర్చోవడం ఎప్పుడూ చేతకాలేదు. పర్చూరు దగ్గర పల్లెలో మిరపకోతలకు వెళ్లే రోజుల్లో తన సాలు ముగించాక గట్టు మీద కూర్చోకుండా పక్కవాళ్ల సాలులోకి దిగిపోయేది. పెళ్లయి చిలకలూరిపేట వచ్చాక ఆ తొందర కుట్టుమిషను మీదికి, అక్కడినుంచి పట్టుచీరల మీదికి మళ్లింది. ఈమధ్య పెళ్లిళ్లకు వెళ్లే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ముందే పెట్టించి, ఆవిరి ఇస్త్రీ చేయించి, అట్టపెట్టెలో మడతపెట్టించుకుంటున్నారు. కట్టుకునే పూట నడుముకు చుట్టుకుని పిన్ను పెట్టుకుంటే చాలు. ఆ పనిలో పార్వతి చెయ్యి తిరిగింది. ఆమె పెట్టిన కుచ్చిళ్లు భోజనాలయ్యేదాకా చెదరవని పేటలో చెప్పుకునేవాళ్లు.

భర్త రామాంజనేయులు స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. నెమ్మదైన మనిషి. ఊరి మధ్య అద్దెకున్నప్పుడు వాళ్ల కుళాయికి కాలవ నీళ్లు వచ్చేవి. కిందటేడు ఊరి చివర కొత్త ప్లాట్లలో సొంత ఇల్లు కట్టుకున్నారు. అక్కడిదాకా మున్సిపాలిటీ గొట్టం రాలేదు. బోరు వేయిస్తే నీళ్లు బాగానే పడ్డాయి, కానీ నోట పోసుకోలేనంత ఉప్పన. తాగడానికి టిన్ను నీళ్లు తెప్పించుకున్నారు. మిగతా అన్నిటికీ బోరే.

ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. స్టీలు గిన్నెలు ఎంత తోమినా ఆరేసరికి తెల్లటి మచ్చలు తేలతాయి. మొదటి చలికాలం గడవకముందే గీజరు పోయింది. మెకానిక్కు విప్పి చూపిస్తే, లోపలి కాయిలు చుట్టూ సున్నం గుల్లలా గట్టిపడి ఉంది. ఆ తర్వాత వాషింగు మిషను. నీళ్లు లోపలికి వెళ్లే చోట జాలీ పూడుకుపోయి, సగం బట్టలు తడిసేటప్పటికి మిషను ఆగిపోయేది. రామాంజనేయులు తెల్లచొక్కాలు బూడిదరంగుకు తిరిగాయి. పార్వతి నిమ్మచెక్కతో ఒక కుళాయి రుద్దడం ముగించేసరికి ఇంకో కుళాయికి తెల్లపొర కట్టేది. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వెళ్లి షవరు విప్పి చూసి వచ్చేది.

"నువ్వు చూసినంత మాత్రాన ఉప్పు ఆగుతుందా పార్వతీ? తిని లే," అనేవాడు రామాంజనేయులు. ఆమె సరేననేది, మళ్లీ లేచేది.

ఇస్త్రీపెట్టెలో మాత్రం బోరు నీళ్లు పొయ్యకూడదని ఆమెకు తెలుసు. టిన్ను నీళ్లే పోసేది. కానీ టిన్నుల ఆటో ఆలస్యమైన రోజున, చేతిలో పని ఉంటే, వచ్చేదాకా ఆగలేక ఈ ఒక్కసారికే కదా అని కుళాయి తిప్పేది. అలాంటి ఒక్కసార్లు చాలానే అయ్యాయి.

వైశాఖంలో బాలత్రిపురసుందరిగారు ఒక చీర ఇచ్చి వెళ్లారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ముదురు వంకాయరంగు పట్టు, జానెడు జరీ అంచు. ఆవిడ పెళ్లినాటి చీర. కూతురు శ్రీజ నిశ్చితార్థానికి అదే కట్టుకుంటానందట. "జాగ్రత్తమ్మా, ఇలాంటివి ఇప్పుడు నేసేవాళ్లు లేరు," అని మరీ చెప్పారు.

నిశ్చితార్థం రేపనగా, మధ్యాహ్నం కుచ్చిళ్లు అయిపోయి పమిట దగ్గరికొచ్చింది. ఆ రోజూ టిన్ను రాక బోరు నీళ్లే పోసిన ఇస్త్రీపెట్టె ఒక్కసారి బుడబుడమని, ఆవిరికి బదులు నీళ్లు ఉమ్మింది. తెల్లటి పలుకులు కలిసిన మురికి నీళ్లు. పార్వతి పెట్టె లాగేసి గుడ్డతో అద్దింది. తడి వేడికి అప్పుడే ఆరిపోతోంది. ఆరిన చోటల్లా చుట్టూ పసుపు గీతతో తెల్లమచ్చలు. ఒకటి సరిగ్గా జరీ పక్కనే.

ఆమె వీధి గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ అదే బోరు నీళ్లతో తుడిస్తే మచ్చ పెద్దదవుతుంది. నీళ్ల ప్లాంటుకు ఫోను చేస్తే మోటారు కాలిపోయిందన్నారు, టిన్నులు రేపటికి గానీ రావట. అప్పుడు వినపడింది, పక్కింటి నస్రత్ వాళ్ల ఏసీ గొట్టం నుంచి గోడవారన బకెట్లో పడుతున్న చుక్కల చప్పుడు. నస్రత్ ఆ ఉప్పులేని నీళ్లు ఇన్వర్టరు బ్యాటరీకి పడుతుంది. పార్వతి వెళ్లి సంగతి చెప్పేసరికి, "బకెట్ మొత్తం తీసుకెళ్లక్కా," అంది నస్రత్. తనే మోసుకొచ్చి పక్కన కూర్చుంది కూడా.

ఆ నీళ్లు కొన్ని గిన్నెలోకి తీసి, రెండు చుక్కల వెనిగరు కలిపి, చీర లోపలి కొంగున ముందు ఒక చిన్నచోట అద్ది చూసింది. రంగు దిగలేదు. దూదితో ఒక్కొక్క మచ్చనే తడిపి, అద్ది, మళ్లీ ఉట్టి ఏసీ నీళ్లతో అద్దింది. ఒక్కొక్కటీ కరిగింది. జరీ పక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. పులుపు తగిలితే జరీ నల్లబడుతుంది. అది అక్కడే చింతగింజంత మిగిలిపోయింది.

"మడతలోకి వెళ్లిపోద్దిగా అక్కా, ఎవరు చూస్తారు?" అంది నస్రత్.

పార్వతి కూడా అదే అనుకుంది. చీర పెట్టెలో పెట్టింది, మూత వేసింది, మూత తీసింది. పెట్టె పట్టుకుని ఆటో ఎక్కేసింది.

బాలత్రిపురసుందరిగారింట్లో బంధువులు దిగి ఉన్నారు. పార్వతి ఆవిడను లోపలి గదిలోకి పిలిచి, పమిట విప్పి చూపించి, ఏం జరిగిందో దాపరికం లేకుండా చెప్పింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ మచ్చను చాలాసేపు చూశారు. వేలితో తడిమారు.

"వచ్చి చెప్పావు కాబట్టి అరవడంలేదు," అన్నారు చివరికి. "బాధ లేదనుకోకు."

"తప్పు నాదేనండి. టిన్ను వచ్చేదాకా ఆగాల్సింది."

ఆవిడ పెట్టె బీరువాలో పెట్టుకున్నారు. కూలి ఇవ్వబోతే పార్వతి తీసుకోలేదు.

మర్నాడు నిశ్చితార్థంలో పార్వతి వెనక వరసలో కూర్చుంది. శ్రీజ అటు తిరిగితే చాలు, ఆమె కళ్లు జరీ అంచుకే వెళ్లేవి. ఎవరూ చూడలేదు. అయినా ఆమె సగం విస్తరి వదిలేసి ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత కొత్త ఇస్త్రీపెట్టె కొనుక్కుంది. దాంట్లోకి ఏసీ నీళ్లు తప్ప పొయ్యలేదు. వీధివాళ్లను పోగుచేసుకుని మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగింది. గొట్టాలకోసం గుంతలైతే తవ్వారు, గొట్టాలు ఇంకా రాలేదు. రామాంజనేయులు మాత్రం కొత్త గీజరుకు నీళ్ల ఉప్పు విరిచే ఫిల్టరు బిగించాడు. ఆమె పొద్దునా సాయంత్రమూ దాన్ని విప్పి చూస్తోంది.

శ్రావణంలో శ్రీజ పెళ్లి. పెళ్లిచీరలన్నీ గుంటూరులో ఎవరికో ఇచ్చారని విని, పార్వతి ఆ పూట చీరలు ముట్టుకోకుండా ఇల్లంతా కడిగింది. పెళ్లికి పిలుపు వచ్చింది, వెళ్లి అక్షింతలు వేసి వచ్చింది.

మనుగుడుపులకు పుట్టింటికి వచ్చిన శ్రీజ ఒక మధ్యాహ్నం చిలకపచ్చ పట్టుచీర సంచితో గుమ్మంలో నిలబడింది. గుంటూరు కుచ్చిళ్లు పీటల మీదే జారిపోయాయట. "రేపు వ్రతానికి కావాలాంటీ. అమ్మకు తెలియదు."

పార్వతి సంచి అందుకోలేదు. "అమ్మగారికి చెప్పకుండా నేను ముట్టుకోను తల్లీ. ఇక్కడినుంచే ఫోను చెయ్యి."

శ్రీజ ఫోను చేసి, ఎక్కడుందో చెప్పింది. పార్వతి తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత శ్రీజ ఫోను ఆమె చేతికిచ్చింది.

"ఏ నీళ్లు పోస్తున్నావు?" అన్నారు బాలత్రిపురసుందరిగారు.

"ఏసీవండి. వేరేవి పొయ్యట్లేదు."

"సరే, చెయ్యి. సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను. కూలి మాత్రం తీసుకోవాలి."

పార్వతి చీర బల్ల మీద పరిచి, శ్రీజను కుర్చీలో కూర్చోమని, మొదటి కుచ్చి పట్టింది.