సుగుణన్ సెలూన్‌లో మైనస్ మార్కులు

మా ఆలత్తూరు బస్టాండు వెనక సందులో సెలూన్ నడిపే సుగుణన్‌కి ఒకటే జబ్బు. మనిషి గొంతు మీద కత్తి పెట్టి సామెతకి అర్థం అడుగుతాడు. మాటవరసకి అనడం లేదు. కత్తీ నిజమే, గొంతూ నిజమే.

మా కేరళలో సర్కారు ఉద్యోగం పరీక్షకి చదవనివాళ్ళు తక్కువ. మిగతావాళ్ళు చదువుకుంటారు, పరీక్ష రాస్తారు, పోతుంది, మళ్ళీ చదువుకుంటారు. పక్కవాడి ప్రాణాల మీదికి తేరు. సుగుణన్ మాత్రం తను చదివిన సామెతలూ పర్యాయపదాలూ ఊరందరి చేతా అప్పజెప్పించుకుంటాడు. గడ్డం గీయించుకోవడానికి వెళ్ళినవాడు పరీక్ష రాసి రావాల్సిందే.

నోటి చుట్టూ నురుగుంటే జవాబెలా చెప్తారని అడుగుతారేమో. దానికీ ఉపాయం కనిపెట్టాడు మహానుభావుడు. నాలుగు జవాబులు తనే చదువుతాడు, మనం వేళ్ళు చూపించాలి. తప్పయితే అసలు పరీక్షలో లాగే మైనస్, మార్కులో మూడో వంతు కోత. మన దగ్గర మార్కులుండవు కాబట్టి ఆ కోత మీసంలో పడుతుంది.

పంచాయతీ మెంబరు వేలాయుధన్ ఓసారి మీటింగుకి వెళ్తూ వెళ్తూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. పాపం, కొత్తగా గెలిచాడు, తెలియదు.

"మెంబరుగారూ, సముద్రానికి పర్యాయపదం కానిది ఏది? అర్ణవం, పారావారం, అబ్ధి, తటిని?"

మెంబరు ధీమాగా రెండు వేళ్ళు చూపించాడు.

"పారావారమా! తటిని అంటే నదండీ. మిమ్మల్ని ఎలా గెలిపించార్రా బాబూ!" అంటూనే కత్తెర ఆడించాడు.

ఆ రోజు మీటింగులో ప్రతిపక్షం బడ్జెట్ మీద ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదట. మెంబరు ముఖం చూసి నవ్వుకోవడానికే వాళ్ళకి టైము చాలలేదు.

మా మామయ్య పోయినప్పుడు సుగుణన్ పరామర్శకి వచ్చాడు. నన్ను ఏట్టా అంటాడు, అంటే అన్నా అని. నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "కేశవేట్టా, స్వర్గానికి వెళ్ళినవాడు, ఒక్క మాటలో చెప్పండి?" అన్నాడు.

"స్వర్గీయుడు," అన్నాను వెక్కుతూ.

"దివంగతుడు. పరీక్షలో అదే అడుగుతారు. సరే, చావింట్లో ఉన్నారు కాబట్టి ఈసారికి మైనస్ లేదులెండి."

వాడి దయకి చేతులెత్తి దండం పెట్టాను.

ఇదంతా మెల్లగా అడిగినా భరించవచ్చు. అరుస్తాడు. పక్కనే నా ఫోటోస్టాట్ దుకాణం. ఆధార్ కార్డు కాపీకి వచ్చినవాళ్ళు ఏనుగు సామెతలు నాలుగు, పనసపండు సామెతలు రెండు వంట పట్టించుకుని మరీ వెళ్ళేవారు.

"ఎందుకయ్యా ఆ కేకలు? కుర్చీలో ఉన్నవాడి చెవి నీ నోటికి జానెడు దూరంలోనే ఉంది కదా!" అని ఓ రోజు మందలించాను.

"గట్టిగా చదివితేనే గట్టిగా గుర్తుంటుంది ఏట్టా," అన్నాడు. ఇంతటి సిద్ధాంతం చెప్పినవాడు, రెండు కొళాయిలు కలిసి తొట్టి నింపే లెక్కలో ఏళ్ళ తరబడి మునుగుతూనే ఉన్నాడు. మలయాళంలో ఎప్పుడూ నిండా మార్కులే. లెక్కలు వాటిని ఊడ్చుకుపోయేవి.

చివరికి వయసు దాటిపోయే ముందు రాసిన గుమాస్తా పరీక్షలో ఆ కొళాయిలు కనికరించాయి. ర్యాంకు లిస్టులో వాడి పేరు పడింది, లిస్టు జరిగీ జరిగీ వాడి వంతూ వచ్చింది. వాడి కింద పేరు గిరిజది. సెలూన్‌కి ఎదురుగా జాకెట్లు కుట్టుకునే మనిషి. భర్త లేడు, బడికి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించమని దారిన పోయేవాళ్ళని పిలుస్తోంది. మిషన్ మానకపోతే ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పేశాడు. ఆమెకీ వయసు దాటింది, ఇంకో పరీక్ష రాయడానికి లేదు. నెలాఖరుకి లిస్టు గడువు తీరిపోతుంది. ఖాళీ చూస్తే ఒక్కటే ఉంది, అది సుగుణన్‌ది.

ఊరు పాయసం వండింది. మెంబరైతే, ఇక తన మీసానికి భయం లేదని, రెండు గ్లాసులు తాగాడు.

మర్నాడు సుగుణన్ నా దుకాణం ముందు నిలబడ్డాడు. "ఏట్టా, స్కూటర్ తియ్యండి. పాలక్కాడ్ వెళ్ళాలి."

ఉద్యోగం తాలూకు పనేమోనని తీసుకెళ్ళాను. వాడు సర్వీస్ కమిషన్ ఆఫీసు కిటికీలోంచి తల దూర్చి, "నాకీ ఉద్యోగం వద్దు. నా కింద పేరుకి ఇచ్చెయ్యండి," అన్నాడు.

పైవాడు వద్దని రాసిస్తే కిందివాడికి అవకాశం వస్తుంది. గడువు దగ్గరపడితే మా వైపు కిందివాళ్ళు పైవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతారు. ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు, కాకపోతే వాళ్ళకి అప్పటికే ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుంది. చేతిలో కత్తెర తప్ప ఏమీ లేనివాడు, ఎవరూ అడక్కుండానే వదులుకోవడం నేనెక్కడా చూడలేదు.

"పిచ్చెక్కిందా? ఇంట్లో తెలుసా?" అన్నాను.

"మా ఆవిడే పంపింది. గుమాస్తా పెళ్ళాన్నవుతానని చూసీ చూసీ విసుగొచ్చిందట. ముందు గిరిజ కళ్ళ సంగతి చూడమంది."

సాయంత్రానికల్లా, నేనింకా సెలూన్‌లో ఉండగానే, గిరిజ మెడలో టేపుతోనే లోపలికి దూసుకొచ్చింది.

"సుగుణేట్టా, ఎవరడిగారు మిమ్మల్ని? నేనేమన్నా మీ గుమ్మంలో చెయ్యి చాచానా?"

"నాకు కుర్చీలో కూర్చోవడం అలవాటు లేదు. కూర్చోబెట్టడమే అలవాటు."

"తమాషా చెయ్యకండి! కోచింగ్‌కి వెళ్ళే స్తోమత లేక, మిషన్ తొక్కుతూ మీ అరుపులు విని రాశాను పరీక్ష. ఆ రుణం చాలదా?"

"నేను అరిచింది మెంబరు మీద. నువ్వు వింటే నాదా తప్పు?"

"మరి నా మిషన్ ఆగితే మీ గొంతెందుకు తగ్గుతుంది? మిషన్ మొదలవగానే మళ్ళీ ఎందుకు లేస్తుంది?"

అన్ని ప్రశ్నలు అడిగినవాడు ఈ ఒక్క ప్రశ్నకి దువ్వెన అందుకున్నాడు. దాన్ని దులుపుతూ నిలబడ్డాడు. నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. పైకి మాత్రం దగ్గాను.

"గిరిజా," అన్నాడు చివరికి, "పదింటి నుంచి అయిదింటిదాకా ఫైళ్ళ ముందు నోరు మూసుక్కూర్చోమంటే నేను బతకను. నా ప్రాణం కాపాడావనుకుని ఆ ఉద్యోగంలో చేరు."

ఆమె ఏడవబోయి నవ్వేసింది.

గిరిజ ఉద్యోగంలో చేరే రోజు పొద్దున నేను సెలూన్ కుర్చీలో ఉన్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురుగుంది. గిరిజ దుకాణానికి తాళం వేసి, పిల్లలకి చెయ్యి ఊపి, సందు చివర బస్సెక్కింది. సుగుణన్ కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"నురుగు ఆరిపోతోందయ్యా," అన్నాను.

"ఆరనివ్వండి ఏట్టా. బస్సు మలుపు తిరగనివ్వండి," అన్నాడు ఇటు తిరక్కుండా.

అది మలుపు తిరిగి అప్పటికే చాలాసేపయింది. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు.